అంతర్వేది దారిలో మోరి

2025వ సంవత్సరము మాఘమాసమున మేము అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణమును సేవింప బయలుదేరితిమి. స్వామిదర్శనము మాకు చిరకాలముగ గల కోరికయే. అయినను ఆ యేటి పయనమునకు వేరొక కారణము గూడ గలిగినది. వశిష్ఠ కావలియొడ్డున, రాజోలు సీమలో, మోరి గ్రామమునకు చేరువ నొక పల్లెలో మా పిన్ని యున్నది. బాబాయి పోయిన పిదప ఆమె యొంటరిగనే యున్నది. కొడుకు హైదరాబాదులో నుద్యోగము చేయుచున్నాడు. ఆమె మాతో ప్రతి యాదివారము టెలిఫోనులో మాటలాడుచుండును. అట్టి మనిషి యొద్దనుండి పుష్యమాసము చివరను మాకొక కార్డు వచ్చినది. అందు రెండే పంక్తులు: "తీర్థం వంకన ఒకసారి వచ్చి పో అమ్మాయీ. ఫోనులో చెప్పే మాట కాదు."

చేతిలో ఫోను నుంచుకొని కార్డు వ్రాయుట యేమని మావారు ఆశ్చర్యపడిరి. మాకు మాత్రము గుండె ఝల్లుమన్నది. ఆడుది ఫోనులో చెప్పరానిదని యనుకొన్న మాట సామాన్యమైనది కాదు గదా!

బెజవాడలో బండి యెక్కితిమి. గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరము, పాలకొల్లుల మీదుగా ఆ బండి నరసాపురము చేరును. మా చిన్నతనమున నీ దారి పొడుగునను వరిచేలే కన్నుల పండువుగ నుండెడివి. ఇప్పుడు కైకలూరు దాటినది మొదలు ఇరుప్రక్కల చేపల చెరువులు, రొయ్యల చెరువులు. మా యెదుట కూర్చున్న రైతొకడు, తన చెరువుగట్టున నమర్చిన కెమేరాలోనుండి వచ్చు బొమ్మను ఫోనులో చూచుకొనుచు, "నీళ్లలో చక్రాలు తిరుగుతున్నాయో లేదో ఇక్కణ్ణుంచే కనపడుతుందండీ, ఆయ్" అని సంబరముగ చెప్పెను. కాపలావాడు నిదురపోయిన సంగతి గూడ కనబడునట. రెండు కన్నులవాడే యజమాని యగు రోజులు పోయి, వేయికన్నుల యింద్రుడే చెరువున కధిపతి యైనట్లున్నదని మావారు నవ్విరి.

నరసాపురము స్టేషను వెలుపల పూలు కొంటిమి. పూలమ్మి గంపలో చామంతులనడుమ నల్లని చుక్కల చదరపు బొమ్మయు, చిన్న పలుకుపెట్టెయు నున్నవి. మావారు ఫోనును బొమ్మ మీద చూపి యిరువది రూపాయలు పంపగనే, ఆ పెట్టె "ఇరవై రూపాయలు అందినవి" అని తెలుగున పలికినది. ఫోనునుండి ఫోనునకు నేరుగ సొమ్ము పంపు నీ యేర్పాటు, అనగా యూపీఐ, 2016లో వచ్చినది. ఆ సంవత్సరమే నవంబరు 8వ తేదీన పెద్దనోట్లను రద్దుపరచిరి. ఆనాడు బ్యాంకుల ముంగిట నిలిచిన వరుసలు మన సోదరీమణులు మరచియుండరు. అత్తగారికి గూడ తెలియకుండ పోపులడబ్బాలో దాచుకొన్న నోట్లను భర్తల చేతికి తెచ్చి యిచ్చినప్పటి సిగ్గును గూడ మరచియుండరు.

"చదువు రానిదాన్నమ్మా. ఇదివరకు చిరుగునోటిచ్చి పోయేవారు. ఇప్పుడు పెట్టె పలికితేనేగాని పూలియ్యను" అని పూలమ్మి గర్వముగ చెప్పినది. మేము సంతసించి, ఆ సొమ్మెవరి ఖాతాలో పడునని యడిగితిమి. ఆమె ముఖము కొంచెము చిన్నబోయినది. "మా అబ్బాయి ఖాతాలోనండి. సాయంత్రానికి ఆడు ఇత్తే ఇత్తాడు, లేపోతే లేదు." కొంగున ముడివేసిన రూపాయి యామెదే. పెట్టె పలికిన రూపాయి యెవరిదో! ఈ ప్రశ్న మమ్ము యాత్ర పొడుగునను విడువలేదు.

నరసాపురము లేసు అల్లికకు ప్రసిద్ధికెక్కిన పట్టణము. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల మూలమున నీ విద్య యిచటి స్త్రీలకు వచ్చినదని చెప్పుదురు. ఒక కొక్కెపు సూది, నూలుకండె ఉన్న చాలును. వంట ముగించి యరుగుమీద కూర్చుండి మన స్త్రీలు అల్లిన బల్లగుడ్డలు సముద్రములు దాటి పోవుచున్నవి. 1982లో మరియా మీస్ అను విదుషీమణి వీరిని గూర్చి యొక పుస్తకమే వ్రాసెను. ఇంట కూర్చుండి చేయుపని గనుక లోకము దీనిని తీరికవేళ కాలక్షేపముగ నెంచుననియు, నిజమున కిది పరదేశముల వర్తకమును మోయు కష్టమేననియు నామె చూపినది. 2024లో నరసాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఇతరచోటుల నల్లిన సరుకును ఈ యూరిపేర అమ్మరాదు.

మాకు పరిచయముగల యొకయింట నాగితిమి. ఆ యిల్లాలు చిన్ననాటినుండియు నల్లుచున్నది. వెనుక నమూనాగుడ్డను చేతికిచ్చి అల్లుమనెడివారట. ఇప్పుడు నమూనాల బొమ్మలు ఫోనులోనే వచ్చును. కుట్టు తప్పినచో ఫొటో తీసి పంపగనే, ఎచట విప్పవలెనో అదే గడియలో చెప్పుదురు. "మరి కూలి?" అని యడిగితిమి. ఆమె సూదిని తలలో గోకికొని నవ్వినది. "బొమ్మలు తొందరగా వస్తున్నాయి, పని తొందరగా అడుగుతున్నారు. కూలి మాత్రం మునుపటిలాగే నడిచి వస్తుందండీ." అయినను ఆమె కోడలు వేరు దారి త్రొక్కినది. తాను అల్లిన పసిపాపల టోపీల బొమ్మలను నలుగురికి తానే పంపి, తన పేరనే ఖాతా పెట్టుకొని, నెలకు రెండుమూడు బేరములు చేయుచున్నది. సంపాదన చిన్నదే. కాని ధర చెప్పు నోరు తనది.

నరసాపురము మాధవాయిపాలెము రేవునుండి సఖినేటిపల్లికి పంటు నడచును. రెండు నావలపై పలకలు పరచినట్లుండు ఆ పంటుమీద మనుష్యులు, మోటారుసైకిళ్లు, కార్లు, కొబ్బరికాయల బస్తాలు, తీర్థజనము, అన్నియు నొకటిగ నెక్కినవి. వశిష్ఠాగోదావరి అచట సముద్రసామీప్యముచే విశాలమై, నీరు పాటుపోటులకు లోబడి యుండును. ఆవలియొడ్డున కొబ్బరిచెట్లు వరుసదీరి చేతులు చాచి పిలుచుచున్నట్లుండెను. నదినడుమ ఫోనులు కొంతసేపు మూగపోయినవి. పంటుమీది జనమంతయు ఒక్కుమ్మడిగ తలలెత్తి నదిని చూచిరి. ఆ నాలుగు నిమిషములే మాకు యాత్రలోని మొదటి పుణ్యముగ తోచినవి.

సఖినేటిపల్లిలో దిగి ఆటోలో మోరికి పోతిమి. మోరి మామూలు కోనసీమ గ్రామము: కొబ్బరితోటలు, కాలువలు, పెంకుటిండ్లనడుమ క్రొత్త మేడలు, జీడిపప్పు బట్టీల వాసన, ఒకవాడలో మగ్గముల చప్పుడు. కాని యీ యూరికొక చరిత్ర కలదు. మోరిలో పుట్టి అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున బోధించు సోలమన్ డార్విన్ గారు గ్రామములను క్రొత్తవిద్యతో కలుపవలెనని యొక ప్రయత్న మారంభించిరి. 2016 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన ఫైబరు తీగను తొలుత నందించిన పల్లెలలో మోరి యొకటి. నోట్లు లేకుండ కొనుగోళ్లు సాగు గ్రామముగను దీనిని చూపిరి. మరుసటియేడు 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ గారు ఆ పథకమును రాష్ట్రమంతటికి ప్రారంభించిరి. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను ఒక్కతీగపై నిచ్చెద మనుట ఆ పథకపు తొలిమాట.

ఆ తీగను చూడవలెనని మేము తలయెత్తి కరెంటుస్తంభములను చూచుకొనుచు నడచితిమి. ఇతరచోటుల నేలను త్రవ్వి తీగను పాతిపెట్టుదురు. ఇచట త్రవ్వుట కగు కాలము, ఖర్చు తగ్గుటకై స్తంభములమీదనే లాగిరి. లోన నున్నది రాగి గాదు, తలవెండ్రుకవంటి గాజుపోగు. అందులో వెలుతురు పరుగిడును, ఆ వెలుతురే మాటగను, బొమ్మగను మారును. త్వరగ వచ్చినది గనుక త్వరగ తెగుటయు గలదు. గాలివానకు కొబ్బరిమట్ట పడిన చాలును.

ఈ సీమలో మార్పు తెచ్చిన తీగకు పూర్వము మార్పు తెచ్చినది కాలువ. 1847లో ఆరంభించి 1852 నాటికి కాటన్ దొరగారు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిరి. క్షామములకు, ముంపులకు లోనైన డెల్టా పచ్చబడినది. కాని కాలువ తవ్విన మాత్రమున ప్రతి చేనికి నీరందలేదు. తలచేలు తడిసిన పిదప శివారుచేలు. శివారురైతు నీటికొరకు రాత్రులు లాంతరు పట్టుకొని గట్టుమీద కాచుకొనియుండుట మేమెరుగుదుము. తీగ విషయమును అంతియే. తీగ ఊరికి వచ్చుట వేరు, ఇంటిలోని శివారుమనిషికి అందుట వేరు. ఆ శివారుమనిషి తరచుగ వంటయింటిలో నుండును.

పిన్ని గుమ్మములోనే యెదురువచ్చినది. మనిషి చిక్కినది. కాళ్లు కడుగుకొనుటకు నీళ్లిచ్చి, భోజనములు పెట్టి, మావారు నడుము వాల్చిన పిదప మమ్ము పెరటిలోని నూతిపళ్లెము కడకు తీసికొని పోయినది. చాలసేపు పనసచెట్టు వంక చూచి, అప్పుడు చెప్పినది.

పుష్యమాసమున ఒక మధ్యాహ్నము ఫోను మ్రోగినదట. మాటలాడినవాడు చక్కని తెలుగువాడు, మర్యాదస్థుడు. "అమ్మగారూ, మీ ఖాతా కాగితాలు పాతబడ్డాయి. ఈ రోజు సరిచేయకపోతే ఖాతా ఆగిపోతుంది" అనెను. ఆమె పేరు చెప్పెను, ఊరు చెప్పెను, కొడుకుపేరు గూడ చెప్పెను. ఫోనునకు వచ్చిన ఆరంకెల సంఖ్య చదువుమనెను. పిన్ని కండ్లజోడు పెట్టుకొని యొక్కొక్క అంకెయు స్పష్టముగ చదివినది. రెండు నిమిషములలో 18,500 రూపాయలు పోయినవి. అది కొబ్బరికాయల సొమ్ము. మనుమరాలి యోణీల పండుగకు గాజులు చేయింపవలెనని దాచినది.

"పోతనగారి భాగవతం ఎన్నిసార్లు పారాయణ చేశానే! వామనుడు మూడడుగులు అడిగినప్పుడు శుక్రాచార్యుడు వద్దన్నాడు. నాకు వద్దనేవాడు లేకపోయాడు" అని కన్నీరు పెట్టుకొన్నది. పదునొకండు దినములు గడచినను కొడుకునకు చెప్పలేదు. బ్యాంకునకు పోలేదు. పొరుగింటికిని చెప్పలేదు.

"అబ్బాయికి ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"చెబితే ఫోను లాక్కుంటాడు. నీకేం తెలీదు, ఇక్కడికొచ్చి ఉండు అంటాడు. ఇల్లు అమ్మేద్దామంటాడు. డబ్బు పోయినందుకు కాదే అమ్మాయీ, ఈ గుమ్మం పోతుందని."

అప్పుడు మాకర్థమైనది. దొంగ కొనిపోయినది పదునెనిమిదివేల యైదువందలే. మిగిలినది, అనగా నామె ధైర్యమును, ఒంటరిగ నుండగల హక్కును, సిగ్గు కొనిపోవుచున్నది.

మావారిని లేపి సంగతి చెప్పితిమి. ఇట్టి మోసములకు దేశమంతటికి 1930 అను నొక ఫోను సంఖ్య కలదు. దానికి చెప్పితిమి, బ్యాంకునకును పోయి వ్రాసి యిచ్చితిమి. సొమ్ము పోయిన వెంటనే, గంటలలోపల తెలిపినచో, అది చేతులు మారకముందే నిలిపివేయుట కవకాశము కలదు. పదునొకండు దినముల పిదప ఆ యవకాశము బహుస్వల్పము. ఈ వ్యాసము వ్రాయునాటికిని ఆ సొమ్ము తిరిగి రాలేదు. ఆ సాయంకాలమే పిన్నిచేత కొడుకునకు ఫోను చేయించితిమి. అతడు కొంతసేపు మాటలాడలేదు. పిదప, "నాకు కూడా ఆఫీసులో అలాంటి ఫోను వచ్చిందమ్మా, నేనూ సగం నమ్మాను" అనెను. పిన్ని ఆ రాత్రి కడుపునిండ భోజనము చేసినది.

మరునాడు పిన్ని మమ్ము జీడిపప్పు షెడ్డునకు తీసికొని పోయినది. వరుసగ కూర్చున్న స్త్రీలు పిక్కలను పగులగొట్టి పప్పును విరుగకుండ తీయుచున్నారు. జీడిపిక్క పెంకులో కారమైన నూనె యుండును. చర్మమునకు తగిలిన కాల్చును. వారు చేతులకు ఆముదము పూసికొని పనిచేయుదురు. అయినను వ్రేళ్లకొనలు నల్లబడి నున్నగ నరిగిపోవును. ఒకామె తన చేయి మాకు చూపినది. గీతలు లేవు.

ఆమె భర్త గతించెను, కూతురు కువైటున ఇంటిపనికి పోయినది. ఇంట నామె యొక్కతియే కార్డుదారు. ఆ దినములలో బియ్యము వీధిలోనికి బండిమీద వచ్చుచుండెను. 2021 జనవరినుండి నడచిన ఆ బండ్లు 2025 జూనునుండి నిలిచి, మరల చౌకడిపోలలోనే యిచ్చుచున్నారు. బండియైనను డిపోయైనను యంత్రముపై వ్రేలు పెట్టుట తప్పదు. ఈమె పది వ్రేళ్లును పెట్టి చూచినది. యంత్రము ఏ వ్రేలిని నొప్పుకొనలేదు. ఒకనాడు కాదు, మూడు దినములు. నాలుగవనాడు కనుపాపను చూచు యంత్రము వచ్చినది, అది ఒప్పుకొన్నది. "బియ్యం వచ్చాయమ్మగోరూ. మూడు రోజుల కూలి పోయింది" అని చెప్పి మరల పిక్క నందుకొన్నది.

కాళిదాసుని శకుంతల కథ మన మందరమును చదివినదే. ఉంగరమును చేప మ్రింగుటచే రాజు ఆమెను గుర్తింపలేకపోయెను. ఉంగరము లేని శకుంతల శకుంతల కాకపోయినదా? తప్పు ఉంగరముదా, గురుతు మరచిన రాజుదా? ఇప్పుడు వ్రేలిగీతలే మనకు ఉంగరము. ఈ యమ్మ యుంగరమును చేప మ్రింగలేదు, ఆమె చేయుపనియే మ్రింగినది. కన్ను చూచు యంత్రమును, ముఖము చూచు పద్ధతియు నున్నవి గదా! అవి మొదటినాడే యుండవలెను గాని నాల్గవనాడు గాదు. యంత్రము పొరబడినప్పుడు నష్టపోవువాడు యంత్రమును తెచ్చినవాడు గాక, కూలిమనిషి యగుట ధర్మము కాదు. ఊరివా రందరును ముఖము చూచి గుర్తుపట్టు మనిషిని, యంత్రము గుర్తింపలేదని నిలుపుట మనుష్యధర్మమును కాదు.

అయినను చెడుగునే చెప్పి మంచిని మరువరాదు. పిన్నియే చెప్పినది. బాబాయి పోయినప్పుడు ఒక ధ్రువపత్రమునకై ఆమె రాజోలు కచ్చేరికి ఏడుమార్లు తిరిగినదట. పడవకూలి, బస్సుకూలి, బంట్రోతు కాఫీఖర్చు, అన్నిటికి మించి "రేపు రండి" అను మాట. ఉమ్మడి రాష్ట్రమున 2011లో మీసేవ వచ్చినది, 2019 అక్టోబరు 2నుండి గ్రామ సచివాలయములు వచ్చినవి. ఇప్పుడు మోరివంటి యూరిలోనే కాగితము చేతికి వచ్చును. మేము పోవుటకు కొలది దినములకు పూర్వమే, 2025 జనవరి 30న, వాట్సాపు మూలముగనే 161 సేవలు అందించు "మన మిత్ర"ను ప్రభుత్వము ప్రారంభించినది. ఏడుమార్లు తిరిగిన పాదములకు దీని విలువ తెలియును. వెనుక బంట్రోతును బతిమాలు భాష నేర్చుకొంటిమి. ఇప్పుడు మీట నొక్కు భాష నేర్చుకొనవలెను. రెండవది మాత్రము లంచ మడుగదు.

పొరుగింటి యమ్మాయి ఆ సాయంకాలము వచ్చినది. 2020లో కరోనా వ్యాధినాడు హైదరాబాదునుండి వచ్చి, నాటినుండి యింటినుండియే కంపెనీపని చేయుచున్నది. మేడమీదిగదిలో తీగ నడుగున బల్ల, కుర్చీ. "ఆఫీసులో ఉన్నా నాకు మర్యాద ఉంది పెద్దమ్మగారూ. ఇంట్లో మీటింగు మధ్యలో కూడా కాఫీ పెట్టమంటారు" అని నవ్వినది. కాని తల్లి మోకాళ్లనొప్పులకు అండగ నున్నాననియు, పట్నపు అద్దెలు మిగిలి చెల్లెలిని చదివించుచున్నాననియు చెప్పినప్పుడు ఆ నవ్వులో సంతృప్తి గలదు.

ఆమె మరియొక సంగతి చెప్పినది. 2022 ఏప్రిలు 4న కోనసీమ ప్రత్యేక జిల్లా యైనది. ఆ మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురమున అల్లర్లు చెలరేగి యిండ్లు తగులబడినవి. వదంతులు ప్రబలకుండుటకు ప్రభుత్వము ఇంటర్నెట్టును నిలిపివేసెను. సుమారు రెండువారములు జిల్లా మూగపోయినది. పూలమ్మి పెట్టె పలుకలేదు. బ్యాంకుపని సాగలేదు. ఈ యమ్మాయి ప్రతి ఉదయమును కంప్యూటరు సంచి తగిలించుకొని పంటు దాటి నరసాపురమున బంధువులయింట కూర్చుండి పనిచేసి, చీకటిపడువేళ మరల పంటు దాటి వచ్చెడిదట. "తీగ ఉన్నా గోదారే దాటించింది" అన్నది. అల్లరిని ఆపవలసిన మాట నిజమే. కాని జీవనమంతయు నొక్కతీగకే వ్రేలాడునప్పుడు, దానిని కత్తిరించుచేయి యెంతగ ఆలోచింపవలెనో గదా! ఇంట కిరసనాయిలు దీపమొకటి దాచుకొన్నట్లు, చేతిలో కొంత చిల్లర, పుస్తకములో ముఖ్యమైన ఫోనుసంఖ్యలు దాచుకొనుట గృహిణుల నేర్పని మాకానాడు తోచినది.

మాఘశుద్ధ దశమి రాత్రి కల్యాణమునకు అంతర్వేది చేరితిమి. ఇసుకవేసిన రాలనంత జనము. మంగళసూత్రధారణ సమయమున వేలచేతు లొక్కమారు పైకి లేచినవి. నమస్కారమునకు గాదు, ఫోనులతో. మా ముందున్న ముసలామె ఏమియు కనబడక, ముందువాని ఫోనులో కనబడు స్వామినే కండ్లకద్దుకొన్నది. నవ్వవలెనో విచారింపవలెనో తెలియలేదు. అద్దములో చూచినను స్వామి స్వామియే గదా యని పిన్ని మాత్రము సమాధానపడినది. భీష్మైకాదశినాడు రథమును చూచి, సాగరసంగమమునకు పోయి స్నానము చేసితిమి. అన్నాచెల్లెళ్ల గట్టుకడ గోదావరి సముద్రమున కలియుచోట రెండురంగుల నీరు ప్రక్కప్రక్కను నడచి, కొంతదూరము పోయినపిమ్మటగాని యొకటి కాదు. పాతబ్రతుకును క్రొత్తబ్రతుకును మన పల్లెలలో నిప్పు డట్లే ప్రక్కప్రక్కను పారుచున్నవి.

తిరిగి వచ్చుటకు ముందు పిన్నికి నాలుగు మాటలు పెద్దయక్షరములతో వ్రాసి యిచ్చితిమి. ఆమె దానిని పంచాంగముప్రక్కను గోడకు తగిలించినది. సోదరీమణులకును పనికివచ్చునని యిచట వ్రాయుచున్నాము. ఫోనునకు వచ్చిన సంఖ్యను ఎవరడిగినను చెప్పరాదు, బ్యాంకువా రడుగరు. మనకు సొమ్ము రావలెనన్న రహస్యసంఖ్య నొక్క నక్కరలేదు. నొక్కుమన్నవాడు తీసికొనుటకే వచ్చినాడు. పోలీసులమని భయపెట్టి ఫోనులోనే నిర్బంధించు "డిజిటల్ అరెస్టు" అను దండన మన చట్టములలో లేదు. మోసము జరిగినచో గడియ యాలస్యము చేయక 1930కి చెప్పవలెను. వీనికంటె ముఖ్యమైనది ఐదవ మాట. దానిని పిన్నియే తన చేతితో వ్రాసికొన్నది: "సిగ్గుపడరాదు."

మేమొక మాట చేర్చెదము. ఖాతా మన పేర నుండవలెను. రహస్యసంఖ్య మన తలలో నుండవలెను. అత్తకు కోడలును, తల్లికి కూతురును నేర్పవలెను. విసుగుకొనక నేర్పవలెను. అక్షరములు దిద్దించినప్పుడు తల్లి మనలను విసుగుకొన్నదా?

మొన్న పిన్నియొద్దనుండి మరల కార్డు వచ్చినది. ఫోను పాడయ్యెనేమోయని భయపడితిమి. కాదు. శనివారపు భజనలో, మంగళహారతి కాగానే, తన సంగతి దాచక పదిమందికి చెప్పినదట. చెప్పగనే ముగ్గురు స్త్రీలు ఆమె ప్రక్కకు వచ్చి కూర్చుండి, తమకును జరిగినదని మెల్లగ చెప్పిరట. వారిలో నొకతెకు జరిగినది ఆ నాటి యుదయమే. పిన్ని యామెచేత అచ్చటనే 1930కి ఫోను చేయించినది. ఆమె సొమ్ములో కొంత బ్యాంకువారు నిలుపగలిగిరి.

"నా గాజులు పోయినా ఆవిడ గాజులు నిలిచాయి అమ్మాయీ" అని కార్డు చివర వ్రాసినది. దానిక్రింద మరల చిన్నయక్షరములతో: "ఇది ఫోనులో చెప్పే మాటే. కార్డుమీద ఉంటే దాచుకుంటావని రాశాను."

దాచుకొంటిమి.